కూపన్ల డబ్బు షాపుకి తిరిగి ఎలా వస్తుంది? నాకు 132 డాలర్లు ఎందుకు తగ్గాయి?

ఎడిసన్_పద్మ
మాది న్యూజెర్సీ. ఎనిమిది నెలల క్రితం మా ఆయనా నేనూ కలిసి ఒక చిన్న గ్రోసరీ షాపు తీసుకున్నాం. ముప్పావు వంతు మన సరుకులే: పప్పులు, బియ్యం, పచ్చళ్లు. మిగతా పావు వంతు డిటర్జెంట్, డయపర్లు, సీరియల్, టూత్‌పేస్ట్ లాంటివి. పాత ఓనరు కంపెనీ కూపన్లు (సరుకు మీద ఇంత తగ్గింపు అని తయారీ కంపెనీలు వేసే చీటీలు) తీసుకునేవాడట, మేమూ తీసుకుంటున్నాం. మూడు నెలల కూపన్లు ఒక బూట్ల అట్టపెట్టెలో వేసి ఉంచి, పోయిన నెల, కంపెనీల నుంచి డబ్బు ఇప్పించే క్లియరింగ్ హౌస్‌కి పార్సిల్ చేశాను.

మొత్తం 318 కూపన్లు. వాటి మీద ఉన్న విలువ 402.50 డాలర్లు. ఒక్కోదానికి 8 సెంట్లు హ్యాండ్లింగ్ (మన శ్రమకి చార్జీ) ఇస్తారు కాబట్టి ఇంకో 25.44. నా లెక్కకి 427.94 రావాలి. చెక్కు 295.51కి వచ్చింది. కాగితంలో "చార్జ్‌బ్యాక్" అని 71 కూపన్లు కొట్టేశారు. పక్కన 30 డాలర్లు సర్వీస్ ఫీజు. ఆ 71 కూపన్లకీ నేను కస్టమర్లకి డబ్బు తగ్గించి ఇచ్చేశాను కదా, అది ఎవరి నెత్తిన పడ్డట్టు? రాత్రి నుంచి ఆ కాగితమే చూస్తున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

గ్యాస్‌స్టేషన్_రావు
తీసుకోవడం మానెయ్యమ్మా. నాకు హ్యూస్టన్ దగ్గర 14 ఏళ్లుగా స్టేషన్ ఉంది. మొదటి రెండేళ్లు నేనూ ఇదే బాధ పడి, కౌంటర్ మీద కూపన్లు తీసుకోబడవని బోర్డు పెట్టేశాను. 8 సెంట్ల కోసం కత్తిరింపులు, లెక్కలు, పార్సిళ్లు... ఆ టైములో నాలుగు ట్రేల సమోసాలు వేయించుకోవచ్చు.

కూపన్ల_కామాక్షి
రావుగారూ, మీ స్టేషన్‌కి వచ్చేవాడు పెట్రోలు కోసం వస్తాడు, కూపన్ ఉన్నా లేకపోయినా వస్తాడు. పద్మగారి షాపు అలా కాదు. డాలస్‌లో నేను పన్నెండేళ్లుగా కూపన్లు కత్తిరిస్తున్నాను. డయపర్ల మీద 2 డాలర్ల కూపన్ తీసుకునే షాపుకే వెళ్తాను, వెళ్లిన చోటే కందిపప్పు, కరివేపాకు కూడా కొంటాను. కూపన్ వద్దంటే ఆ మొత్తం బుట్ట పక్క షాపుకి పోతుంది.

నల్లకుంట_నరేష్
నాకు అసలు సంగతే సమజైతలేదు. ఈ డబ్బులు ఎవరు ఇస్తరు? కంపెనీ రేటు తగ్గించాలంటే ఎమ్మార్పీ తగ్గిస్తే అయిపాయె. ఈ కాగితం ముక్కలు, అవి కట్ చేసుడు, పంపుడు, మల్ల లెక్కపెట్టుడు ఏంది?

సెటిల్‌మెంట్_శీను
పద్మగారూ, నేను నార్త్ కరోలైనాలో ఒక సూపర్‌మార్కెట్ చెయిన్ అకౌంట్స్‌లో తొమ్మిదేళ్లు ఇదే పని చేశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కూపన్ రెండు రకాలు. ఒకటి షాపు తనే వేసుకునేది, ఫ్లయర్‌లో వస్తుంది. అది షాపు సొంత ఖర్చు, ఎవరికీ పంపక్కర్లేదు. రెండోది తయారీ కంపెనీ వేసేది. దాని మీద "మాన్యుఫాక్చరర్స్ కూపన్" అని ఉంటుంది. మీ బాధ రెండోదాంతో.

ఆ కూపన్ వెనకో అడుగునో చీమ తలకాయంత అక్షరాలుంటాయి, ఒకసారి భూతద్దం పెట్టి చదవండి. దుకాణదారుకి కూపన్ విలువా, పైన 8 సెంట్లూ ఇస్తాం, మా రూల్స్ ప్రకారం పంపితేనే ఇస్తాం అని రాసి ఉంటుంది. ఎక్కడికి పంపాలో కూడా ఉంటుంది. చాలా వాటి మీద టెక్సస్‌లోని డెల్ రియో గానీ ఎల్ పాసో గానీ కనిపిస్తుంది. రెండూ మెక్సికో సరిహద్దు ఊళ్లు. ఎందుకంటే కూపన్లు విడదీసే పని చాలావరకు సరిహద్దు అవతల జరుగుతుంది. పెద్ద పెద్ద షెడ్లలో వరసగా కూర్చుని కూపన్లు సాపు చేసి, స్కాన్ చేసి, స్కాన్ కానివి చేత్తో లెక్కపెట్టి, కంపెనీల వారీగా కట్టలు కడతారు.

దారి ఇదీ. కస్టమరు మీకు ఇస్తాడు. మీరు మీ క్లియరింగ్ హౌస్‌కి పంపుతారు. వాళ్లు కంపెనీల వారీగా విడదీసి, మీ పేరున బిల్లు వేసి, ఆ కంపెనీ పెట్టుకున్న ఏజెంటుకి పంపుతారు. ఏజెంటు మళ్లీ తనిఖీ చేసి, ఒప్పుకున్న వాటికి డబ్బిస్తాడు, ఒప్పుకోనివి కారణం కోడ్ వేసి తిప్పికొడతాడు. ఆ తిప్పికొట్టిందే చార్జ్‌బ్యాక్. అంటే కూపన్ తీసుకున్న నిమిషంలో మీరు ఆ కంపెనీకి రెండు డాలర్లు చేబదులు ఇచ్చారన్నమాట. తర్వాత నోటు చూపించి వసూలు చేసుకోవాలి. నోటులో తప్పుంటే బాకీ పోతుంది.

మీ కాగితంలో ఆ 71కీ కారణాలు ఉండాలి. అవి ఇక్కడ పెట్టండి.

కొత్తమెంబర్_77
"చేబదులు" అన్న మాటతో మొత్తం అర్థమైంది అన్నా. పిన్ చేయదగ్గ పోస్ట్.

క్యాషియర్_లావణ్య
శీనుగారు చెప్పింది నిజం. నేను రెండేళ్లు ఒక పెద్ద స్టోర్‌లో క్యాష్ రిజిస్టర్ మీద పనిచేశాను. షిఫ్ట్ అయిపోగానే కూపన్లు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి సీల్ చేసేవాళ్లం, నోట్లతో పాటే. కవర్లో ఒక్క కూపన్ తగ్గినా క్యాష్ తగ్గినట్టే లెక్క. పద్మక్కా, మీరు అట్టపెట్టెలో వేశానన్నప్పుడే నాకు గుండె గుభేలుమంది.

ఎడిసన్_పద్మ
శీనుగారూ, చాలా థాంక్స్. కారణాలు ఇవీ:

గడువు దాటినవి 21. వాటి విలువ 12.75.
"సరుకు కొన్నట్టు రుజువు లేదు" అని 34. అన్నీ డయపర్లవే, ఒక్కోటి 2 డాలర్లు. 68 డాలర్లు.
"నకలు" అని 16. ఒక్కోటి డాలరు.

మొత్తం 96.75, దాని మీద హ్యాండ్లింగ్ 5.68 పోయింది. గడువు దాటినవి మా తప్పే, ఒప్పుకుంటాను. సాయంత్రం రద్దీలో మా ఆయన తేదీ చూడడు. కానీ డయపర్లు మేం నిజంగానే అమ్మాం! రుజువు లేదంటే కళ్లనీళ్లు తిరిగాయి, మమ్మల్ని దొంగల్ని చేసినట్టు అనిపించింది.

ఇంకో మాట. ఆ పెట్టె కౌంటర్ కింద పసుపు బస్తా పక్కన ఉండేది. సగం కూపన్లు పచ్చబడ్డాయి. దానివల్ల కూడా ఏమైనా పోయాయా?

సెటిల్‌మెంట్_శీను
పసుపు అంటితే పోవు, బార్‌కోడ్ కనపడితే చాలు. వాళ్లు అంతకంటే ఘోరమైనవి చూస్తుంటారు: పాలు కారినవి, చూయింగ్ గమ్ అతుక్కున్నవి. నిజానికి కొత్త నోటులా తళతళలాడే కూపన్లంటేనే వాళ్లకి అనుమానం. ఒకే కూపన్ వంద, అన్నీ ఒకే కత్తిరింపు, ఒక్క మడత లేదంటే ఎవరో పేపర్ కట్టలు కొని ఒక్కసారి కత్తిరించి పంపారని అర్థం. మనుషుల పర్సులోంచి వచ్చిన కూపన్ నలిగి ఉంటుంది.

డయపర్ల సంగతి. మీరు సరుకు ఎక్కడ కొంటారు? కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గరా, మెంబర్‌షిప్ మీద టోకున అమ్మే హోల్‌సేల్ క్లబ్‌లోనా?

ఎడిసన్_పద్మ
క్లబ్‌లోనే. మా షాపుకి డిస్ట్రిబ్యూటర్ ట్రక్కు రాదు, మినిమం ఆర్డర్ పెద్దది. మా ఆయన ఆదివారం పొద్దున్నే వ్యాన్ వేసుకుని వెళ్లి తెస్తారు.

సెటిల్‌మెంట్_శీను
దొరికింది. కూపన్ చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: ఎన్ని కూపన్లు పంపారో వాటికి సరిపడా సరుకు కొన్నట్టు ఇన్‌వాయిస్‌లు అడిగినప్పుడు చూపించాలి. పెద్ద చెయిన్లకి ఆ కంపెనీయే సరుకు పంపుతుంది కాబట్టి లెక్క వాళ్ల పుస్తకాల్లోనే ఉంటుంది. మీరు ఆ డయపర్లు కొన్నట్టు కంపెనీకి ఎక్కడా తెలీదు. వాళ్ల కంప్యూటర్‌కి కనిపించేది ఒకటే: న్యూజెర్సీలో ఒక చిన్న ఇండియన్ షాపు, సరుకు పంపిన రికార్డు లేదు, మూడు నెలల్లో 34 డయపర్ కూపన్లు. ఆగిపోతాయి.

మిమ్మల్ని దొంగ అనలేదు, రుజువు చూపించమన్నారు. క్లబ్ రసీదులు ఉన్నాయా?

ఎడిసన్_పద్మ
మా ఆయన వ్యాన్ డ్యాష్‌బోర్డ్‌లో కుక్కి పెడతారు. వెతుకుతాను. ఎండకి అక్షరాలు పోకుండా ఉంటే చాలు.

గ్యాస్‌స్టేషన్_రావు
రసీదు కొన్న రోజే ఫోన్‌లో ఫోటో తియ్యాలమ్మా. ఆ థర్మల్ కాగితం కొన్నాళ్లకే తెల్లబడిపోతుంది.

బెజవాడ_ఏజెన్సీస్
ఈ థ్రెడ్ చదువుతుంటే మా గోడౌన్‌లో కూర్చున్నట్టే ఉంది. మాది గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్. సబ్బులు, షాంపూల డిస్ట్రిబ్యూషన్ నాన్నగారి కాలం నుంచి. మన దగ్గర కూపన్ లేదు గానీ స్కీము ఉంది. పన్నెండుకి ఒకటి ఫ్రీ అని కంపెనీ ప్రకటిస్తుంది. మా సేల్స్‌మన్ బీటుకి వెళ్లి కిరాణా షాపుకి ఆ ఒకటి ఇచ్చేస్తాడు, బిల్లులోనే కట్ అయిపోతుంది. డబ్బు మా జేబులోంచి పోయింది. నెలాఖరుకి బిల్లుల వారీగా క్లెయిము పెట్టాలి. కంపెనీ చూసి క్రెడిట్ నోట్ ఇస్తుంది. ఒక్కోసారి రెండు నెలలు, ఒక్కోసారి నాలుగు. ఆ లోపల మా ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ మేమే కట్టుకోవాలి.

నాన్నగారి రోజుల్లో ఇంకా కష్టం. ఖాళీ రేపర్లు తెస్తే స్టీలు గ్లాసు అనే స్కీములు వచ్చేవి. కిరాణా వాళ్లు రేపర్లు గోనెసంచుల్లో కట్టి మాకు పంపేవాళ్లు. కంపెనీ మనిషి వచ్చి నేల మీద కూర్చుని పాతికలు పాతికలుగా లెక్కపెట్టి, ప్రతి కట్టా ఒక మూల చింపేవాడు, మళ్లీ తిరిగి రాకుండా. సబ్బు రేపర్ల సంచి విప్పితే వీధి చివరి దాకా వాసన. నేను స్కూలు నుంచి రాగానే నా పని ఆ కట్టలకి రబ్బరు బ్యాండు వెయ్యడం.

నల్లకుంట_నరేష్
అన్నా, ఇది సమజైంది. మాకు హైటెక్ సిటీల ఆఫీసుల సొడెక్సో కూపన్ల బుక్కు ఇస్తుండె, యాదికుందా? తినడానికి ఇచ్చేటివి, కానీ నెలాఖరుకి మా అమ్మ వాటితోనే సూపర్‌మార్కెట్ల ఉప్పు పప్పు తెచ్చేది. షాపు ఆయన వాటిని వెనక్కి పంపి కమీషన్ పోగా పైసలు తీసుకునేటోడు. అందుకే కొందరు షాపోళ్లు ముఖం మాడ్చుకునేటోళ్లు. 2017 ఆఖరుకి కాగితం వోచర్లు బంద్ చేయమని రిజర్వు బ్యాంకు చెప్పింది, ఇప్పుడంత కార్డే.

కానీ నా మొదటి సవాల్‌కి జవాబు రాలె. రేటే తగ్గించొచ్చు కదా?

సెటిల్‌మెంట్_శీను
నరేష్ గారూ, రేటు తగ్గిస్తే అందరికీ తగ్గుతుంది, ఎలాగూ కొనేవాడికి కూడా. కూపన్ అయితే కత్తిరించి, దాచి, గుర్తుపెట్టుకుని తెచ్చేవాడికే తగ్గుతుంది. అంటే పైసా పైసా చూసుకునేవాడికి. పైగా అచ్చు వేసిన కూపన్లలో తిరిగి వచ్చేవి చాలా తక్కువ. కంపెనీకి ప్రకటనా అయింది, ఖర్చూ తక్కువ. ఇంకో కారణం, కంపెనీ షాపుకి హోల్‌సేల్ రేటు తగ్గిస్తే షాపు ఆ తగ్గింపు కస్టమరుకి ఇస్తుందో లేదో తెలీదు. కూపన్ అయితే కస్టమరు చేతికే వెళ్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1887లోనే అట్లాంటాలో కోకాకోలా ఒక గ్లాసు ఉచితం అని చీటీలు పంచింది. అప్పుడు గ్లాసు పోసిన దుకాణాలకి కంపెనీయే లెక్క సర్దేది.

కూపన్ల_కామాక్షి
"పైసా పైసా చూసుకునేవాడికి" అన్నారు, ఆ మాట నిజం. మా పాప పుట్టినప్పుడు ఒక్క జీతం, హెచ్4 (ఉద్యోగి భార్యగా వచ్చే వీసా)లో నేను ఇంట్లో. ఆదివారం పేపర్ రెండు కాపీలు కొని డయపర్ కూపన్లు కత్తిరించేదాన్ని. నెలకి యాభై డాలర్లు మిగిలేవి, ఆ యాభైతో అమ్మకి ఫోన్ కార్డులు. అందుకే షాపు వాళ్లకి డబ్బు పోతుందంటే నాకు నిజంగా బాధగా ఉంది. ఇన్నేళ్లూ వాళ్లకి మొత్తం తిరిగి వస్తుందనే అనుకున్నాను.

ఒక డౌటు. డబుల్ కూపన్ డేస్ అని కొన్ని షాపులు పెడతాయి కదా, 75 సెంట్ల కూపన్‌కి డాలరున్నర తగ్గిస్తాయి. అది మొత్తం కంపెనీ ఇస్తుందా?

సెటిల్‌మెంట్_శీను
లేదండీ. కంపెనీ ఇచ్చేది 75 ప్లస్ 8, అంటే 83 సెంట్లే. రెండో 75 షాపు జేబులోంచి. అది పూర్తిగా షాపు ప్రకటన ఖర్చు. పద్మగారూ, మీరు మాత్రం డబుల్ జోలికి పోకండి.

క్యాషియర్_లావణ్య
"ఒకటి ఫ్రీ" కూపన్లు కూడా జాగ్రత్త అక్కా. వాటి మీద విలువ అచ్చయి ఉండదు, ఖాళీ గడి ఉంటుంది. మీరు అమ్మిన ధర క్యాషియరే అందులో రాయాలి. రాయకపోతే ఎంత ఇవ్వాలో వాళ్లకి తెలీదు. "గరిష్ఠంగా ఇంత" అని కూడా ఉంటుంది, అది దాటితే మిగతాది మీకే నష్టం.

కొత్తమెంబర్_77
కూపన్ మీద "క్యాష్ వాల్యూ సెంటులో నూరో వంతు" అని ఉంటుంది. అదేంటి? పదివేల కూపన్లు తీసుకెళ్తే ఒక డాలరు ఇస్తారా?

సెటిల్‌మెంట్_శీను
పాత రోజుల్లో షాపులు ట్రేడింగ్ స్టాంపులు ఇచ్చేవి, అవి పోగేస్తే బహుమతులొచ్చేవి. అవి ఎంతకి మారతాయో రాయాలని కొన్ని రాష్ట్రాలు చట్టం చేశాయి, కూపన్లు కూడా ఆ చట్టం కిందికొచ్చాయి. అందుకని అతి చిన్న విలువ ఒకటి అచ్చేస్తారు. షాపుకొచ్చే డబ్బుకీ దానికీ సంబంధం లేదు.

గ్యాస్‌స్టేషన్_రావు
పదివేల కూపన్లు కత్తిరించేసరికి కత్తెర అరిగిపోతుంది బాబూ. దాని ఖరీదు అయిదు డాలర్లు.

టాక్స్_తులసి
పద్మగారూ, నేను న్యూజెర్సీలోనే సీపీఏని, అంటే లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌ని. అందరూ తిరిగొచ్చే డబ్బు గురించి మాట్లాడుతున్నారు, నేను ఇంకోటి అడుగుతాను. రిజిస్టర్‌లో కూపన్ కొట్టేటప్పుడు దాన్ని "డిస్కౌంట్" మీట మీద కొడుతున్నారా?

ఎడిసన్_పద్మ
అవును. వేరే మీట ఏముంది?

టాక్స్_తులసి
అదే నేను భయపడింది. కంపెనీ కూపన్ డిస్కౌంట్ కాదు. అది క్యాష్, చెక్కు, కార్డు లాంటి ఒక చెల్లింపు. డబ్బు మీకు కంపెనీ నుంచి వస్తుంది కాబట్టి న్యూజెర్సీలో సేల్స్ టాక్స్ పూర్తి ధర మీద కట్టాలి.

ఉదాహరణకి 9.99 డాలర్ల డిటర్జెంట్, 2 డాలర్ల కంపెనీ కూపన్. టాక్స్ 6.625 శాతం, 9.99 మీద 66 సెంట్లు. అదే మీ షాపు సొంత కూపన్ అయితే 7.99 మీద 53 సెంట్లు. మీరు డిస్కౌంట్ మీట కొడితే రెండు చోట్లా 53 సెంట్లే పడుతుంది. ఆ 13 సెంట్లు రేపు ఆడిట్‌లో మీ దగ్గరే వసూలు చేస్తారు. తిండి సరుకులకీ డయపర్లకీ ఇక్కడ టాక్స్ లేదు కాబట్టి గండం తక్కువే, సబ్బులూ డిటర్జెంట్ల దగ్గరే ఇబ్బంది.

ఇంకోటి. మీ పుస్తకాల్లో ఆ 402.50 అమ్మకం తగ్గినట్టు కనిపిస్తుంది, చెక్కు వచ్చినప్పుడు ఎక్కడినుంచో ఆదాయం ఊడిపడ్డట్టు కనిపిస్తుంది. "కూపన్ల బాకీ" అని ఒక ఖాతా తెరవండి. తీసుకున్న రోజు అందులోకి, చెక్కు వచ్చిన రోజు అందులోంచి. ఇదంతా న్యూజెర్సీ లెక్క, అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా ఉండదు. వేరేచోట ఉన్నవాళ్లు మీ అకౌంటెంట్‌ని అడగండి.

బెజవాడ_ఏజెన్సీస్
తులసమ్మా, మాకూ ఇదే తలనొప్పి. బిల్లులో ముందే చూపించిన డిస్కౌంట్ ఒక రకం, తర్వాత వచ్చే క్రెడిట్ నోట్ ఇంకో రకం. జీఎస్టీ వచ్చాక స్కీముల మీద 2019లో ఒక సర్క్యులర్, దాని మీద ఇంకో సర్క్యులర్, అది మళ్లీ వెనక్కి. మా అకౌంటెంట్ జుట్టు ఆ ఏడాదే నెరిసింది.

నల్లకుంట_నరేష్
ఆ 16 నకళ్ల ముచ్చట ఎవరూ చెప్పలె.

సెటిల్‌మెంట్_శీను
ఇంట్లో ప్రింటర్ మీద తీసుకునే కూపన్లు అయి ఉంటాయి. ప్రతి ప్రింటుకీ వేరే సీరియల్ నంబరు ఉంటుంది. ఒకటి ప్రింట్ తీసి జిరాక్స్ కొడితే నంబరు కూడా అదే వస్తుంది. మొదటిదానికి డబ్బిచ్చి మిగతావి కొట్టేస్తారు. పద్మగారూ, 16 కూపన్లూ ఒకే మనిషి తెచ్చారేమో గుర్తు తెచ్చుకోండి.

దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. వర్జీనియా బీచ్‌లో ఒకావిడ ఇంట్లో కంప్యూటర్ మీద దొంగ కూపన్లు తయారుచేసి అమ్మింది. నష్టం 3 కోట్ల 10 లక్షల డాలర్ల పైనే. 2021లో పన్నెండేళ్ల జైలు పడింది. ఆ కూపన్లు నమ్మి తీసుకున్న షాపులూ, తయారీ కంపెనీలూ ఆ నష్టం మోశాయి. తెలిసిన దొంగ కూపన్ల జాబితా కూపన్ ఇన్ఫర్మేషన్ కార్పొరేషన్ వాళ్ల సైట్‌లో పెడతారు. నెలకోసారి చూసి, బొమ్మలు ప్రింట్ తీసి కౌంటర్ వెనక అంటించుకోండి.

ఎడిసన్_పద్మ
గుర్తొచ్చింది. కాలేజీ పిల్లాడు. ప్రతిసారీ ఒకటో రెండో తెచ్చేవాడు. మనవాడే కదా అని చూడలేదు. పాపం వాడికి తెలిసి చేశాడో లేదో కూడా తెలీదు, రూమ్‌మేట్లు అందరూ ఒకటే ప్రింట్ పంచుకున్నారేమో.

కూపన్ల_కామాక్షి
తెలియకే అయి ఉంటుంది, కానీ పిలిచి చెప్పండి. ఇంకో షాపులో దొరికితే వాడికే ముప్పు. జిరాక్స్ కూపన్ మోసం కిందికే వస్తుంది.

క్యాషియర్_లావణ్య
మీ రిజిస్టర్ కూపన్ బార్‌కోడ్ చదువుతుందా అక్కా, లేక విలువ చేత్తో కొడుతున్నారా? పెద్ద స్టోర్లలో కూపన్ స్కాన్ చేస్తే ఆ సరుకు బిల్లులో ఉందా, తేదీ దాటిందా అని మిషనే చూస్తుంది. బీప్ అని ఆపేస్తుంది. మీ 21 అక్కడే ఆగిపోయేవి.

ఎడిసన్_పద్మ
చేత్తోనే. మిషన్ పాతది, కూపన్ బార్‌కోడ్ చూపిస్తే ఏమీ అనదు.

సెటిల్‌మెంట్_శీను
5తో మొదలయ్యే పాత బార్‌కోడ్‌లు 2011 నాటికి పోయాయి. వాటి స్థానంలో డేటాబార్ వచ్చింది, పొడుగ్గా రెండు వరసల్లో ఉంటుంది. పాత స్కానర్లు దాన్ని చదవలేవు. ఇప్పుడు ఇంకా కొత్తవి వస్తున్నాయి, 8112తో మొదలయ్యేవి. వాటికి ఒక్కో కూపన్‌కీ సొంత నంబరు, స్కాన్ చేసిన క్షణంలోనే ఆన్‌లైన్‌లో సరిచూసి, ఒకసారి వాడితే ఇక చెల్లకుండా చేస్తుంది. జిరాక్స్ పప్పులు ఉడకవు. కాగితం పంపే పనీ ఉండదు. కానీ మీ మిషన్ దానికి కనెక్ట్ అయి ఉండాలి. కొత్త మిషన్ కొన్నప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

అప్పటిదాకా కౌంటర్ మీద నాలుగు చూడండి చాలు: తేదీ, సరుకు, సైజు, ఎన్ని కొనాలో ఆ లెక్క. "రెండు కొంటేనే" అని ఉంటే రెండు ఉండాలి.

గ్యాస్‌స్టేషన్_రావు
నేను కూపన్లు మానేశానన్నాను గానీ, సిగరెట్ల మీద కంపెనీ తగ్గింపు మాత్రం తీసుకుంటాను. దాన్ని మేం బైడౌన్ అంటాం. ఇప్పుడు అది కూడా స్కాన్ డేటా మీదే. వారం వారం అమ్మకాల ఫైలు పంపితే తగ్గించిన డబ్బు అకౌంట్లో పడుతుంది. కాగితం లేదు. అది అలవాటయ్యాక అట్టపెట్టెలు లెక్కపెట్టబుద్ధి కాదు. మీ న్యూజెర్సీలో పొగాకు మీద కూపన్లు చట్టరీత్యా బంద్, కాబట్టి మీకు ఆ బెడద లేదు.

కొత్తమెంబర్_77
ఫుడ్ స్టాంప్స్ కూడా ఇలాగే పంపాలా?

టాక్స్_తులసి
కాదు, అది ప్రభుత్వ సాయం, పూర్తిగా వేరు. ఒకప్పుడు కాగితం కూపన్లే, షాపు బ్యాంకులో వేసుకునేది. 2004 నాటికి దేశమంతా కార్డు అయిపోయింది. ఇప్పుడు కార్డు గీస్తే బ్యాంకుకి వచ్చేస్తుంది. కంపెనీ కూపన్‌తో కలిపి చూడకండి.

అడ్మిన్
పద్మగారూ, మీకు చెక్కు పంపిన సంస్థ పేరు కొందరు ప్రైవేట్ మెసేజ్‌లో అడుగుతున్నారని తెలిసింది. థ్రెడ్‌లో పేరు పెట్టకండి. చర్చ బాగా సాగుతోంది.

సెటిల్‌మెంట్_శీను
పేరుతో పనిలేదు కూడా. ఆ 30 డాలర్ల ఫీజు గురించి ఒక్క మాట. తక్కువ కూపన్లు పంపేవాళ్లకి మినిమం ఫీజు భారం అవుతుంది. చాలా రాష్ట్రాల్లో గ్రోసర్ల సంఘాలు సభ్యుల కూపన్లు కలిపి పంపే సర్వీసు నడుపుతాయి. మీ దగ్గర ఉందేమో అడగండి. అలా కాకపోతే చుట్టుపక్కల షాపుల వాళ్లు ఎవరితో చేయిస్తున్నారో కనుక్కోండి. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. ఇంకో షాపు కూపన్లు మీ పేరున పంపొద్దు, మీవి వాళ్ల పేరున పంపొద్దు. సరుకు లెక్కతో సరిపోదు, రెండు షాపులూ ఇరుక్కుంటాయి.

బెజవాడ_ఏజెన్సీస్
ఇది బంగారం లాంటి మాట. మా దగ్గర కూడా ఒక షాపు స్కీము ఇంకో షాపు బిల్లులో వేసిన సేల్స్‌మన్ వల్ల మొత్తం నెల క్లెయిము ఆగింది. ఆ నెల స్టాఫ్ జీతాలకి నేను మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. తర్వాత విడిపించానులెండి.

ఎడిసన్_పద్మ
ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను, ఇక్కడ చెప్పకపోతే పాపం.

వ్యాన్‌లో రసీదులు దొరికాయి. కొన్ని తెల్లబడ్డాయి. క్లబ్ వాళ్ల సైట్‌లో మా మెంబర్‌షిప్ నంబరు మీద పాత కొనుగోళ్లు కొన్ని కనిపించాయి, అవీ ప్రింట్ తీశాను. మొత్తం కట్ట కట్టి, ఒక ఉత్తరం రాసి, ఆ 34 డయపర్ కూపన్ల చార్జ్‌బ్యాక్ మీద అభ్యంతరం పంపాను. 26 ఒప్పుకున్నారు. 52 డాలర్లు, పైన 2.08. మిగతా ఎనిమిదింటికి నా దగ్గర రుజువు లేదు, అది నా నష్టమే.

తులసిగారు చెప్పినట్టు రిజిస్టర్ మనిషిని పిలిచి "కూపన్" అని వేరే మీట పెట్టించాం. కాలేజీ పిల్లాణ్ణి పిలిచి మాట్లాడాను. వాడికి నిజంగా తెలీదు. మొహం ఇంత చేసుకుని 16 డాలర్లు ఇస్తానన్నాడు, నేను తీసుకోలేదు. మరుసటి రోజు వచ్చి మా ఆయనకి మూడు గంటలు బియ్యం బస్తాలు దింపడానికి సాయం చేశాడు.

ఇక అట్టపెట్టె తీసేశాను. మా అత్తగారు ఇచ్చిన పాత పోపుల డబ్బా ఉంది, స్టీలుది, ఏడు గిన్నెలు. కౌంటర్ మీద పెట్టాను. ఒక్కో కంపెనీకి ఒక గిన్నె. ఈ నెల్లో గడువు అయిపోయేవి మధ్య గిన్నెలో. రాత్రి షట్టర్ వేసేముందు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

క్యాషియర్_లావణ్య
అక్కా, ఆ డబ్బా ఫోటో పెట్టండి ప్లీజ్.

కూపన్ల_కామాక్షి
మూత గట్టిగా పెట్టండి, లేకపోతే మళ్లీ పసుపు వాసన!

గ్యాస్‌స్టేషన్_రావు
26 వెనక్కి తెచ్చుకున్నావంటే శభాష్ అమ్మా. నేను అప్పట్లో ఒక్కటి కూడా అడగలేదు, ఊరికే వదిలేశాను. మా అబ్బాయి వచ్చే నెల కొత్త రిజిస్టర్ పెడదామంటున్నాడు. శీనూ, ఆ 8112 సంగతి ఇంకొంచెం వివరంగా రాస్తావా?

సెటిల్‌మెంట్_శీను
రాస్తాను రావుగారూ. కొత్త థ్రెడ్ వేస్తాను, ఇది ఇప్పటికే చాంతాడంత అయింది.